రొయ్య కణంలో వైట్ స్పాట్ వైరస్ డీఎన్‌ఏను స్లైడు మీద చూడటం ఎలా

"పీసీఆర్‌లో పాజిటివ్ వచ్చిందండీ. కానీ మా గైడ్ గారు వైరస్ నిజంగా కణంలో పెరుగుతోందని చూపించమంటున్నారు. ఏం చెయ్యాలి?"

ఆక్వా, జువాలజీ, మైక్రోబయాలజీ ప్రాజెక్టులు మొదలయ్యే ప్రతిసారీ నాకు వచ్చే ప్రశ్న ఇదే. భీమవరం నుంచి వస్తుంది, నెల్లూరు నుంచి వస్తుంది, ఒక్కోసారి రొయ్య ముఖమే చూడని ఊళ్ల నుంచి కూడా వస్తుంది. ఇన్నాళ్లూ విడివిడిగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు అంతా ఒకచోట రాస్తున్నాను.

పీసీఆర్ అంటే ఒక డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసి అది ఉందని పట్టుకునే పరీక్ష. ఆ ట్యూబులో మీరు వేసేది నూరేసిన కణజాలం నుంచి తీసిన డీఎన్‌ఏ. అందులో వైరస్ డీఎన్‌ఏ ఉందా లేదా అన్నంత వరకే అది చెబుతుంది. మొప్పకు అంటుకున్న చెరువు నీటిలోని వైరస్ అయినా, రొయ్య తిన్న చచ్చిన పీతలోని వైరస్ అయినా ఫలితం చూసే జెల్ మీద బ్యాండు (గీత) ఒకేలా కనబడుతుంది. ఏ కణంలో ఉంది, కేంద్రకంలో ఉందా బయట ఉందా, ఎంత దూరం పాకింది అన్నవి తెలియాలంటే స్లైడు చూడాల్సిందే.

రొయ్యల్లో తెల్లమచ్చల జబ్బు తెచ్చే ఈ వైట్ స్పాట్ వైరస్ విషయంలో మన అదృష్టం ఏమిటంటే, దానిది దాదాపు 3 లక్షల బేస్ జతల పెద్ద డీఎన్‌ఏ. రెండు పోగులు, వలయాకారం. నకళ్లు తయారయ్యేది కేంద్రకంలోనే, కొత్త వైరస్ రేణువులు కూడుకునేది కూడా అక్కడే. అందుకే సోకిన కణం కేంద్రకం ఉబ్బిపోతుంది. మామూలు మైక్రోస్కోపుతోనే ఆ ఉబ్బు కనిపిస్తుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ఏ పద్ధతి ఎంచుకోవాలి

మీ ల్యాబ్‌లో ఏముందో దాన్ని బట్టి నిర్ణయించుకోండి.

మామూలు మైక్రోస్కోపు, మైక్రోటోమ్ (కణజాలాన్ని పల్చటి కోతలుగా కోసే యంత్రం) ఉంటే ఫూల్గెన్ రంగు వేయండి. ఇది 1924 నాటి పద్ధతి. డీఎన్‌ఏకు మాత్రమే పడుతుంది, ఆర్‌ఎన్‌ఏకు పడదు. ఖర్చు తక్కువ. డిగ్రీ కాలేజీలో కూడా చేయవచ్చు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు ఉంటే అక్రిడిన్ ఆరెంజ్ కూడా వేయవచ్చు. డీఎన్‌ఏ ఆకుపచ్చగా, ఆర్‌ఎన్‌ఏ నారింజ ఎరుపులో కనిపిస్తుంది.

"ఇది వైరస్ డీఎన్‌ఏయే, రొయ్యది కాదు" అని రాయాలంటే మాత్రం పై రెండూ చాలవు. ఇన్ సీటు హైబ్రిడైజేషన్ చేయాలి, అంటే వైరస్ డీఎన్‌ఏకు మాత్రమే అతుక్కునే, గుర్తు పెట్టిన డీఎన్‌ఏ ముక్కను (ప్రోబ్) స్లైడు మీదే వేసి చూడాలి. ఈ ఒక్క సంగతి అర్థం కాకపోవడం వల్లే ఎక్కువ ప్రాజెక్టులు వైవాలో చిక్కుకుంటాయి. ఫూల్గెన్ డీఎన్‌ఏను చూపిస్తుంది, అది ఎవరి డీఎన్‌ఏనో చెప్పదు.

కావలసినవి

రొయ్యలు: జబ్బు చెరువు నుంచి కనీసం 3, పీసీఆర్‌లో నెగెటివ్ అని తేలిన వేరే చెరువు నుంచి 2. ఆరోగ్యమైన రొయ్య స్లైడు పక్కన లేకపోతే మీ స్లైడుకు విలువ లేదు.

డేవిడ్సన్ ద్రావణం (కణజాలం చెడకుండా ఉన్నదున్నట్టు నిలిపే ఫిక్సేటివ్), 1 లీటరుకు: 95 శాతం ఇథనాల్ 330 మి.లీ., ఫార్మలిన్ 220 మి.లీ. (సీసాలో దొరికే 37 శాతంది), గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ 115 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 335 మి.లీ.

షిఫ్ రియేజెంట్ (ఫూల్గెన్‌లో ఊదా రంగు ఇచ్చేది ఇదే), రెడీమేడ్ సీసా తీసుకోవడం మేలు. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్, సోడియం మెటాబైసల్ఫైట్, లైట్ గ్రీన్ లేదా ఫాస్ట్ గ్రీన్, జైలీన్, రకరకాల బలాల్లో ఆల్కహాల్, డీపీఎక్స్ (కవర్ స్లిప్ అతికించే జిగురు), 60 డిగ్రీల వాటర్ బాత్, కోప్లిన్ జార్లు (స్లైడులు నిలబెట్టే జార్లు), టైమర్.

జాగ్రత్తలు: ఫార్మలిన్, జైలీన్ పనులు ఫ్యూమ్ హుడ్ కిందే. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు. ఈ వైరస్ మనుషులకు సోకదు. కానీ చెరువులకు సోకుతుంది. రొయ్యలు తెచ్చిన నీళ్లు, పెంకులు, ఐస్ కరిగిన నీళ్లు ఏవీ కాలువలో పోయకండి. బ్లీచింగ్‌లో నానబెట్టాకే పారేయండి. 1992లో తైవాన్‌లో బయటపడిన ఈ జబ్బు 1994-95కల్లా మన తూర్పు తీరానికి వచ్చింది. టైగర్ రొయ్య వేసిన ఎన్ని కుటుంబాలు అప్పుడు అప్పులపాలయ్యాయో కోస్తా జిల్లాల వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మన ల్యాబ్ సింకు నుంచి అది మళ్లీ ఒక చెరువులోకి పోకూడదు.

నమూనా తీయడం

1. బతికున్న రొయ్యనే తీసుకోండి. మేత మానేసి, చెరువు గట్టు వారకు వచ్చి నీటి పైభాగంలో నీరసంగా తిరిగే రొయ్య కావాలి. చెక్ ట్రేలో (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్లెంలో) చచ్చి పడి ఉన్నది వద్దు. చచ్చిన గంటల్లోనే కణాలు వాటంతట అవే కరగడం మొదలవుతుంది. కేంద్రకాలు చెదిరిపోతాయి. అలాంటి స్లైడు మీద మీరు ఏం చూసినా అది వైరస్ పనో, కుళ్లు పనో చెప్పలేరు. ఐస్‌లో గడ్డకట్టిన రొయ్య పీసీఆర్‌కు పనికొస్తుంది, స్లైడుకు పనికిరాదు. రైతు ప్రేమగా థర్మోకోల్ పెట్టెలో ఐస్ వేసి పంపినా సరే, మీరే ఫిక్సేటివ్ సీసా పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్లండి.

తెల్లమచ్చలు కనబడలేదని వెనక్కి తగ్గకండి. వెనామీలో చాలాసార్లు మచ్చలు సరిగా కనిపించవు, ఒళ్లు ఎర్రబడటం మాత్రమే ఉంటుంది. మచ్చలు ఉన్నంత మాత్రాన అది ఈ వైరసే అనుకోవద్దు కూడా. కొన్ని బాక్టీరియా వల్ల, నీటిలో క్షారత ఎక్కువైనా పెంకు మీద తెల్లమచ్చలు వస్తాయి. చలికాలం పంటలో జబ్బు ఎక్కువ కాబట్టి నమూనాల పని అప్పటికి పెట్టుకుంటే సులువు. నీటి వేడి 32 డిగ్రీలు దాటితే వైరస్ జోరు తగ్గుతుంది. మండు వేసవిలో తీసిన నమూనాలో ఏమీ కనబడకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

2. అదే రొయ్య నుంచి ముందుగా ఒక ఈత కాలు కత్తిరించి 95 శాతం ఇథనాల్‌లో వేయండి. ఇది పీసీఆర్‌కు. స్లైడు, పీసీఆర్ రెండూ ఒకే రొయ్యవి కావాలి. కన్ను మాత్రం పీసీఆర్‌కు వేయకండి, అందులోని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ప్రతి సీసాలో పెన్సిలుతో రాసిన కాగితం ముక్క వేయండి. బాల్‌పెన్ ఆల్కహాల్‌లో చెరిగిపోతుంది.

3. ఏ భాగం తీయాలి? మొప్పలు, పొట్ట గోడ, పెంకు కింది పొర. ఈ వైరస్ పిండంలోని బయటి, మధ్య పొరలైన బాహ్యస్తరం, మధ్యస్తరం నుంచి పుట్టిన కణజాలాల్లోనే పెరుగుతుంది. హెపటోపాంక్రియాస్ (రొయ్య జీర్ణగ్రంథి) నాళాల లోపలి కణాల్లో పెరగదు. "సర్, హెపటోపాంక్రియాస్ కోశాను, ఏమీ లేదు" అని నెలకొకరైనా చెబుతారు. అక్కడ ఉండదు కాబట్టే లేదు. అలాగని దాన్ని పారేయకండి. తల భాగాన్ని నిలువుగా కోసి మొత్తం ఒకే మైనం బ్లాకులో పెట్టండి. మొప్ప, పొట్ట, హెపటోపాంక్రియాస్ మూడూ ఒకే స్లైడులో వస్తాయి. అది ఎంత పనికొస్తుందో చివర్లో చెబుతాను.

4. పెంకును కత్తెరతో చీల్చి డేవిడ్సన్‌లో ముంచండి. చీల్చకపోతే ద్రావణం లోపలికి పోదు. కణజాలానికి 10 రెట్లు ద్రావణం ఉండాలి. చిన్న రొయ్యకు 24 గంటలు, పెద్దదానికి 48. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. వారం రోజులు డేవిడ్సన్‌లోనే వదిలేస్తే అందులోని యాసిడ్ డీఎన్‌ఏను కొరికేస్తుంది. ఫూల్గెన్ రంగు వెలవెలబోతుంది, ఇన్ సీటు ప్రోబ్ అతుక్కోదు. శుక్రవారం నమూనా తీసి సోమవారం చూద్దాంలే అనుకోకండి.

రంగు ఖర్చు పెట్టేముందు: ఐదు నిమిషాల పరీక్ష

ఫిక్స్ చేసే ముందే మొప్ప ముక్క ఒకటి స్లైడు మీద పెట్టి బ్లేడుతో మెత్తగా నూరండి. ట్రిపాన్ బ్లూ 0.6 గ్రా., ఇయోసిన్ వై 0.2 గ్రా., ఉప్పు 0.5 గ్రా., ఫినాల్ 0.5 గ్రా., గ్లిసరాల్ 20 మి.లీ.తో చేసిన రంగు ఒకటి రెండు చుక్కలు వేసి 3 నుంచి 5 నిమిషాలు ఆగండి. కవర్ స్లిప్ వేసి, పైన టిష్యూ కాగితం మడిచి పెట్టి, బొటనవేలితో నిదానంగా అదిమితే కణాలు ఒకే పొరగా పరుచుకుంటాయి. 400 రెట్లలో చూడండి. బాగా సోకిన రొయ్య అయితే ఉబ్బిన కేంద్రకాలు ఇక్కడే కనబడతాయి. గ్లవ్స్ వేసుకోండి, ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది.

ఇది న్యూక్లియిక్ ఆమ్లాల పరీక్ష కాదు. ఏ రొయ్య మీద మూడు రోజులు కష్టపడాలో తేల్చుకోవడానికి మాత్రమే.

ఫూల్గెన్: అంచెలంచెలుగా

1. ఫిక్స్ చేసిన కణజాలాన్ని మైనం బ్లాకుగా చేసి 4 లేదా 5 మైక్రాన్ల మందంతో కోతలు తీయండి. ఒక్కో బ్లాకు నుంచి వరుసగా 8 స్లైడులు. ఆరోగ్యమైన రొయ్య నుంచి కూడా అంతే.

2. జైలీన్‌లో 5 నిమిషాల చొప్పున రెండుసార్లు ఉంచి మైనం తీసేయండి. తర్వాత 100, 95, 70 శాతం ఆల్కహాల్ మీదుగా డిస్టిల్డ్ వాటర్‌లోకి దించండి.

3. యాసిడ్ దశ. ఈ పద్ధతి ప్రాణం ఇక్కడే ఉంది, తప్పులు కూడా ఎక్కువ ఇక్కడే. యాసిడ్ డీఎన్‌ఏలోని ప్యూరిన్లు అనే బేసులను ఊడగొట్టి ఆల్డిహైడ్లను బయటపెడుతుంది. షిఫ్ వాటికే పట్టుకుంటుంది. టైము తక్కువైతే ఆల్డిహైడ్లు రావు, ఎక్కువైతే డీఎన్‌ఏయే కరిగి కొట్టుకుపోతుంది. రెండు రకాలుగా తప్పినా ఫలితం ఒకటే, వెలిసిపోయిన స్లైడు.

1 నార్మల్ (ఇది యాసిడ్ బలం కొలత) హైడ్రోక్లోరిక్ యాసిడ్ కోసం గాఢ యాసిడ్ 8.5 మి.లీ.ను డిస్టిల్డ్ వాటర్‌లో పోసి 100 మి.లీ.కు చేయండి. జారును 60 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టి, జారు లోపలి ద్రావణంలోనే థర్మామీటర్ ముంచి 60 వచ్చాక స్లైడులు దించండి. మొదటిసారి 5, 8, 10, 12 నిమిషాలు అని నాలుగు స్లైడులతో ప్రయత్నించి, ఏది ముదురుగా వస్తే ఆ టైము ఖాయం చేసుకోండి. పుస్తకంలో ఉన్న టైమును నమ్మి నేరుగా దిగకండి. ఫిక్సేటివ్ మారితే టైము మారుతుంది.

నేను చదువుకునే రోజుల్లో వరుసగా రెండు వారాలు స్లైడులన్నీ లేత గులాబీలో వచ్చాయి. షిఫ్ సీసా మార్చాం, కొత్త బ్లాకులు కోశాం, నీళ్లు మార్చాం. చివరికి జారులో థర్మామీటర్ పెట్టి చూస్తే 47 డిగ్రీలు. వాటర్ బాత్ డయల్ మీద 60 ఉంది, చల్లటి జారు అందులోకి దించి వెంటనే పని మొదలుపెడుతున్నాం. అరగంట ముందు జారు దించితే తీరిపోయే సమస్య అది. అప్పటినుంచి డయల్ చూసి మొదలుపెట్టిన రోజు లేదు.

వాటర్ బాత్ లేకపోతే గది వేడిలోనే 5 నార్మల్ యాసిడ్ వాడవచ్చు. గాఢ యాసిడ్ 42 మి.లీ. నీళ్లలో పోసి 100కు చేయండి. 20, 30, 40, 50 నిమిషాలతో టైము వెతుక్కోండి. నిజం చెప్పాలంటే మొదటిసారి చేసేవాళ్లకు నేను ఇదే చెబుతాను. ఇక్కడ ఒక నిమిషం అటూ ఇటూ అయినా నష్టం తక్కువ. అయితే మన దగ్గర జనవరి గదికీ మే నెల గదికీ చాలా తేడా ఉంటుంది. సీజన్ మారితే టైము మళ్లీ చూసుకోండి.

4. చల్లటి డిస్టిల్డ్ వాటర్‌లో ఒకసారి ముంచి తీసి, వెంటనే షిఫ్‌లోకి. చీకట్లో 45 నుంచి 60 నిమిషాలు. జారుకు అల్యూమినియం ఫాయిల్ చుడితే చాలు.

షిఫ్ బతికుందో లేదో ముందే చూసుకోవాలి. వాచ్ గ్లాసులో కొంచెం ఫార్మలిన్ తీసుకుని షిఫ్ రెండు చుక్కలు వేయండి. క్షణాల్లో ఎర్రటి ఊదా రంగు వస్తే మంచిది. మెల్లగా, నీలం ఛాయతో వస్తే అది చచ్చిపోయింది, పారేయండి. సీసాలో ద్రావణమే గులాబీగా కనిపిస్తే కూడా వాడొద్దు.

5. సల్ఫైట్ నీళ్లు: 10 శాతం సోడియం మెటాబైసల్ఫైట్ 5 మి.లీ., 1 నార్మల్ యాసిడ్ 5 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 90 మి.లీ. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మూడు జార్లలో 2 నిమిషాల చొప్పున. ఈ దశ ఎగ్గొడితే అతుక్కోని షిఫ్ అంతా స్లైడు మీదే మళ్లీ ఎర్రబడి, కణం మొత్తం గులాబీ అయిపోతుంది.

6. పారే కుళాయి నీళ్లలో 10 నిమిషాలు. రంగు ఇక్కడ ముదురుతుంది. ధార నేరుగా కోత మీద పడనివ్వకండి, లేచిపోతుంది.

7. లైట్ గ్రీన్‌లో కొద్ది సెకన్లు. ఎక్కువ వేశారంటే పచ్చ కింద ఊదా మునిగిపోతుంది. అనుమానంగా ఉంటే ఒక స్లైడుకు అసలు వేయకుండా ఉంచండి.

8. 95, 100 శాతం ఆల్కహాల్, జైలీన్, డీపీఎక్స్. బుడగ రాకుండా కవర్ స్లిప్ వాల్చండి.

తప్పనిసరి కంట్రోల్ స్లైడులు

రంగు నిజమైనదో కాదో పోల్చి చూసుకునే స్లైడులివి. ఇవి లేకుండా ఫోటో తీసినా దాన్ని ఎవరూ నమ్మక్కర్లేదు.

యాసిడ్ వేయని స్లైడు: మిగతా అన్నీ చేయండి, యాసిడ్ బదులు నీళ్లలో ఉంచండి. ఇందులో కేంద్రకాలకు రంగు రాకూడదు. వచ్చిందంటే ఫిక్సేటివ్ వదిలిన ఆల్డిహైడ్లకు షిఫ్ పడుతోందన్నమాట. గ్లుటరాల్డిహైడ్‌లో ఉంచిన నమూనాల్లో ఈ బాధ తప్పదు.

డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏను కోసేసే ఎంజైమ్) వేసిన స్లైడు: యాసిడ్‌కు ముందు, 1 మి.లీ.కు 1 మి.గ్రా. డీఎన్‌ఏజ్, మెగ్నీషియం క్లోరైడ్ ఉన్న ట్రిస్ బఫర్ 7.5 పీహెచ్‌లో, 37 డిగ్రీల దగ్గర 2 నుంచి 4 గంటలు. బఫర్‌లో ఈడీటీఏ (మెగ్నీషియంను పట్టేసుకునే రసాయనం) ఉంటే ఎంజైమ్ పనిచేయదు. పక్కనే ఎంజైమ్ లేని బఫర్‌లో ఇంకో స్లైడు అంతే సేపు ఉంచాలి. మొదటిదానిలో రంగు పోవాలి, రెండోదానిలో నిలవాలి. ఫార్మలిన్‌లో ఎక్కువ కాలం ఉన్న కణజాలంలో ఎంజైమ్ సరిగా పనిచేయదు, రంగు సగమే పోతుంది. అప్పుడు 5 శాతం ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్‌లో 90 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచండి. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ పోతాయి.

స్లైడు చదవడం

ముందు ఆరోగ్యమైన రొయ్య మొప్ప చూడండి. తొందరపడకండి, పది నిమిషాలు అదే చూడండి. కేంద్రకాలు చిన్నవి, లోపల ఊదా ముక్కలు ముక్కలుగా క్రోమాటిన్ (డీఎన్‌ఏ ఉండే పదార్థం), చుట్టూ లేత పచ్చ.

ఇప్పుడు జబ్బు రొయ్య. మొప్ప పోగు చివర నుంచి మొదలుపెట్టి మొదలు వైపు రండి. ఒకచోట వరుస తప్పినట్టు ఒక పెద్ద కేంద్రకం కనిపిస్తుంది. దాని క్రోమాటిన్ అంచుకు నెట్టుకుపోయి సన్నని గీతలా ఉంటుంది, మధ్యలో ఒక ముద్ద, ముద్దకూ అంచుకూ మధ్య ఖాళీ వలయం. ఇది తొలి దశ. మధ్య ముద్దకు ఫూల్గెన్ అంతగా పట్టదు. హిమటాక్సిలిన్ ఇయోసిన్ (కణజాలానికి మామూలుగా వేసే రంగుల జత) వేసిన జంట స్లైడులో, అంటే పక్క కోతలో, ఇదే ముద్ద గులాబీగా ఉంటుంది. ఇంకొంచెం పక్కకు జరపండి. అక్కడ కేంద్రకం ఇంకా పెద్దది, ఖాళీ వలయం లేదు, లోపలంతా ఒకే తీరుగా ఊదా నిండిపోయి ఉంటుంది. ఇది ముదిరిన దశ. హిమటాక్సిలిన్ స్లైడులో ఇది నీలం. మరికొంచెం ముందుకు పోతే పగిలిపోయిన కణాలు.

ఒకే మొప్ప పోగులో ఈ మూడు దశలూ పక్కపక్కనే చూపించగలిగితే వైరస్ పెరుగుతోందనడానికి అంతకంటే తేలికైన సాక్ష్యం లేదు. ఒక్క ఉబ్బిన కేంద్రకం ఫోటో కన్నా ఈ వరుస ఫోటో ఎన్నో రెట్లు మేలు. ఐపీస్ మైక్రోమీటరుతో జబ్బు రొయ్యవి 50, ఆరోగ్యమైనదానివి 50 కేంద్రకాలు కొలిచి పట్టిక వేయండి. "పెద్దగా కనిపించింది" అని రాస్తే పరీక్షకుడు ఎంత పెద్దగా అని అడుగుతారు.

ఏవి చూసి మోసపోతారు

చచ్చే కణాల కేంద్రకాలు కుదించుకుపోయి నల్లగా ముదురుతాయి. రంగు ముదురుగా ఉంది కదా అని వాటిని లెక్కపెట్టకండి. వైరస్ సోకినది ఉబ్బుతుంది, చచ్చేది కుంగుతుంది. విభజన చెందుతున్న కణాలు కూడా ముదురే, కానీ వాటిలో క్రోమోజోముల పోగులు విడివిడిగా తెలుస్తాయి. మొప్ప అంచున చుక్కలు చుక్కలుగా ఊదా ఉంటే అవి పైన అంటుకున్న బాక్టీరియా. ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అనే ఇంకో రొయ్య వైరస్ కూడా కేంద్రకంలో వైట్ స్పాట్ తొలి దశ లాంటి ముద్దనే చేస్తుంది. కానీ అందులో ముదిరిన నీలం దశ రాదు. తొలి దశ ముద్దలు మాత్రమే కనిపిస్తే వైట్ స్పాట్ అని తేల్చేయవద్దు.

అక్రిడిన్ ఆరెంజ్ వేసేవాళ్లకు

కోతలు అక్కర్లేదు. మొప్పను కోసి, కోసిన వైపు స్లైడుకు తాకించి ముద్ర తీయండి. పల్చగా రావాలి. మెథనాల్‌లో 5 నిమిషాలు. 4 దగ్గర పీహెచ్ ఉన్న బఫర్‌లో 0.01 శాతం అక్రిడిన్ ఆరెంజ్, 2 నిమిషాలు. అదే బఫర్‌తో కడిగి, బఫర్ చుక్కలోనే కవర్ స్లిప్ వేసి నీలి కాంతిలో వెంటనే చూడండి. రంగు త్వరగా వెలుస్తుంది, కెమెరా ముందే సిద్ధంగా ఉండాలి.

అంతా నారింజగా కనిపిస్తే రంగు ఎక్కువైంది, లేదా ముద్ర మందంగా ఉంది. మీరు చూస్తున్న ఎరుపు నిజంగా ఆర్‌ఎన్‌ఏయేనా అన్నది ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్) తేలుస్తుంది. రంగుకు ముందు 37 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచితే ఎరుపు పోవాలి, పచ్చ నిలవాలి. పచ్చ కూడా పోయిందంటే ఆ ఎంజైమ్‌లో డీఎన్‌ఏజ్ కలిసి ఉంది. వాడేముందు ఆర్‌ఎన్‌ఏజ్ ద్రావణాన్ని 10 నిమిషాలు మరిగిస్తే ఆ తంటా ఉండదు, ఆర్‌ఎన్‌ఏజ్ మరిగినా చావదు. అక్రిడిన్ ఆరెంజ్ మన డీఎన్‌ఏకు కూడా అంటుకునేదే. గ్లవ్స్ లేకుండా సీసా ముట్టకండి.

ఎవరి డీఎన్‌ఏ అని తేల్చాలంటే

ఇన్ సీటు హైబ్రిడైజేషన్ మొత్తం ఇక్కడ రాయను. కిట్‌తో వచ్చే కాగితంలో అంచెలన్నీ ఉంటాయి. తప్పులు జరిగేచోట్లు మాత్రం చెబుతాను.

ప్రోబ్: నెస్టెడ్ పీసీఆర్‌లో మొదటి విడత 1447, రెండో విడత 941 బేస్ జతల బ్యాండు వస్తాయి కదా. ఆ 941 ముక్కనే డిగాక్సిజెనిన్‌తో గుర్తు పెట్టి ప్రోబ్‌గా వాడుకోవచ్చు.

ప్రోటినేస్ కె (ప్రోటీన్లను కోసే ఎంజైమ్): 1 మి.లీ.కు 100 మైక్రోగ్రాములు, 37 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు. తక్కువైతే ప్రోబ్ లోపలికి పోదు. ఎక్కువైతే కణజాలం జల్లెడ అవుతుంది. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ 5, 10, 15 నిమిషాలతో చూసుకోండి.

పోగులు విడదీయడం: లక్ష్యం రెండు పోగుల డీఎన్‌ఏ. ప్రోబ్ వేశాక స్లైడును 95 డిగ్రీలకు వేడి చేసి వెంటనే ఐస్ మీద పెట్టకపోతే పోగులు విడిపోవు, ప్రోబ్‌కు చోటు దొరకదు. తర్వాత 42 డిగ్రీల దగ్గర రాత్రంతా, తడి ఆరని డబ్బాలో. స్లైడు అంచులు ఎండితే అక్కడంతా దొంగ రంగు వస్తుంది.

రంగు: ఎన్‌బీటీ, బీసీఐపీ అనే రసాయనాలతో ప్రోబ్ అతుక్కున్నచోట నీలి నలుపు వస్తుంది. దెబ్బతిన్న మొప్పల్లో మెలనిన్ కూడా నల్లగానే ఉంటుంది. అందుకే ప్రోబ్ వేయని స్లైడు పక్కన ఉండాలి. అందులోనూ నలుపు ఉంటే అది మెలనిన్.

ఇందాక హెపటోపాంక్రియాస్ పారేయవద్దన్నాను కదా. ఇప్పుడు దాని పని పడింది. దాని నాళాల లోపలి కణాల్లో ఈ వైరస్ పెరగదు కాబట్టి అక్కడ నీలం రాకూడదు. నాళాల మధ్యనున్న కణజాలంలో రావచ్చు. నాళాల గోడలే నీలమైతే మీ స్లైడు అబద్ధం చెబుతోంది, కడగడం సరిపోలేదు. పొట్ట గోడ నీలం, మొప్ప నీలం, నాళాల గోడ శుభ్రం అని ఒకే కోతలో కనిపిస్తే ఇంక ఎవరికీ వాదించడానికి ఏమీ మిగలదు.

ఇంకో ప్రశ్న కూడా తరచుగా వస్తుంది: "డీఎన్‌ఏ ఉందని చూపించాం, జన్యువులు పనిచేస్తున్నాయని ఎలా చూపాలి?" దానికి ఆర్‌ఎన్‌ఏ తీసి, డీఎన్‌ఏజ్ వేసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు తీసి చేసే పీసీఆర్) చేయాలి. ఐఈ1 జన్యువు వస్తే తొలి దశ, వీపీ28 వస్తే వైరస్ పైపొర ప్రోటీన్ తయారయ్యే ముదిరిన దశ. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని ట్యూబులో బ్యాండు రాకూడదు. వచ్చిందంటే డీఎన్‌ఏ మిగిలిపోయింది, మళ్లీ చేయండి.

రిపోర్టులో ఏం రాయవచ్చు

ఫూల్గెన్ ఒక్కటే చేసినవాళ్లు: "ఉబ్బిన కేంద్రకాల్లో డీఎన్‌ఏ నిండి ఉంది, పీసీఆర్ ఫలితంతో ఇది సరిపోతోంది." అంతవరకే. "వైరస్ డీఎన్‌ఏ" అన్న మాట ఇన్ సీటు చేసినవాళ్లే రాయాలి. పాజిటివ్ రొయ్యలెన్ని, చూసిన స్లైడులెన్ని, యాసిడ్‌లో ఉంచిన నిమిషాలు, ఆ రోజు గది వేడి రాయండి. ప్రతి ఫోటో కింద స్కేల్ బార్ పెట్టండి. కంట్రోల్ ఫోటోలను వెనక పేజీల్లోకి తోసేయకుండా పక్కనే వేయండి.

ఇన్ సీటు చేసే వీలు మీ కాలేజీలో లేకపోతే, వరుసగా తీసిన 8 కోతల్లో కనీసం 2 రంగు వేయకుండా దాచండి. తర్వాత సౌకర్యం ఉన్న ల్యాబ్‌కు తీసుకెళ్లవచ్చు. మైనం బ్లాకులు చల్లటి చోట, ఎండ తగలకుండా ఉంచండి. వాటి మీద రొయ్య నంబరు, చెరువు, తేదీ పెన్సిలుతో రాసి ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.